స్టెంట్ బాగానే పడింది, మరి పంపింగ్ ఎందుకు తగ్గింది?

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఎవరికైనా గుండెపోటు వస్తే, కొందరు బరంపురం వెళ్తారు గానీ, ఎక్కువమంది చూపు వైజాగ్ మీదే ఉంటుంది. అక్కడ యాంజియో చేస్తారు, బ్లాక్ కనిపిస్తుంది, స్టెంట్ వేస్తారు. డాక్టర్ బయటికొచ్చి "రక్తం బాగా పారుతోందండీ" అంటారు, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మర్నాడో ఎల్లుండో ఎకో రిపోర్టు చేతికొస్తుంది: పంపింగ్ (గుండె తనలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి నెట్టే వంతు) 35 శాతం. ఇక టెన్షన్ మొదలు. బ్లాక్ తీసేశారు కదా, రక్తం పారుతోంది కదా, మరి గుండె ఎందుకు నీరసించింది? స్టెంట్ నాసిరకమని ఒకరు, డాక్టర్ ఏదో దాస్తున్నాడని ఇంకొకరు, అసలు ఆ స్టెంట్ వేయించకపోతేనే బాగుండేదని ఇంట్లో పెద్దవాళ్లు.

చాలాసార్లు ఈ అనుమానాలేవీ నిజం కావు. అసలు జవాబు కాస్త చిక్కుగా ఉంటుంది, అందుకే వార్డులో నిలబడి రెండు నిమిషాల్లో ఎవరూ చెప్పలేరు. గుండెపోటులో కండరానికి రెండు దెబ్బలు తగులుతాయి. రక్తం ఆగినప్పుడు ఒకటి, ఆగిన రక్తం తిరిగి వచ్చినప్పుడు ఇంకొకటి. రెండోదాన్ని వైద్యులు రీపర్‌ఫ్యూజన్ ఇంజ్యురీ అంటారు. మూసుకుపోయిన నాళాన్ని తెరవడం ప్రాణం నిలబెట్టే పని, ఆ తెరవడమే కొంత కండరాన్ని చంపుతుంది కూడా. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం వల్లే ఇంత గందరగోళం.

ముందు మొదటి దెబ్బ సంగతి. గుండె కండరానికి రక్తం ఆగిపోతే, ఒక నిమిషం లోపే ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది. కణంలో శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం నిమిషాల్లో తరిగిపోతుంది. ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌తో నెట్టుకురావాలని కణం చూస్తుంది, దానివల్ల ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని బయటికి పంపాలంటే బదులుగా సోడియాన్ని లోపలికి రానివ్వాలి. వచ్చిన సోడియాన్ని తోడేయడానికి ఏటీపీ లేదు, కాబట్టి అది మరో దారిలో పోతూ కాల్షియాన్ని లోపలికి తెస్తుంది. కాల్షియం మితిమీరితే కండరానికి విషమే. అయినా సుమారు 20 నిమిషాల లోపు రక్తం తిరిగొస్తే కణాలు బతికి బట్టకడతాయి. ఆ తర్వాత చావు మొదలవుతుంది, అదీ గోడ మొత్తంలో ఒకేసారి కాదు, గుండె గోడ లోపలి పొరలో మొదలై గంటగంటకూ బయటి పొర వైపు పాకుతుంది. 1977లో రీమర్, జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెల్లో నాళాన్ని 40 నిమిషాలు, 3 గంటలు, 6 గంటలు మూసి ఈ పాకుడును చూపించింది. మనుషుల్లో వేగం మనిషిని బట్టి మారుతుంది, పక్క నాళాల నుంచి కాస్త రక్తం అందేవాళ్లకు కొంత గడువు దొరుకుతుంది, కానీ పాకే దిశ అదే.

ఇప్పుడు నాళం తెరుచుకుంది. ఆక్సిజన్‌తో నిండిన రక్తం దూసుకొచ్చింది. ఎండి బీటలు వారిన మడికి వంశధార కాలువ తూము ఒక్కసారిగా ఎత్తేస్తే నీళ్లు అందడం నిజమే, గట్లు తెగడమూ నిజమే. ఇక్కడా దాదాపు అదే జరుగుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి కొన్ని నిమిషాల్లోనే. రక్తం లేని సమయంలో కణంలో సక్సినేట్ అనే పదార్థం పోగుపడి ఉంటుంది. ఆక్సిజన్ తగలగానే అది కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో వేగంగా మండి, చుట్టుపక్కల దేన్నైనా దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్‌ను ఒక్కసారిగా పుట్టిస్తుంది. ఈ సక్సినేట్ పాత్ర 2014లోనే స్పష్టమైంది. ఇంకోవైపు ఇన్నాళ్లూ శత్రువనుకున్న ఆమ్లం నిజానికి ఒక కాపలా కూడా కాస్తూ ఉంటుంది: మైటోకాండ్రియా పొరలో తెరుచుకుంటే కణం చచ్చిపోయే ఒక రంధ్రం ఉంది, ఆమ్లత ఉన్నంతసేపూ అది మూసుకునే ఉంటుంది. తాజా రక్తం ఆమ్లాన్ని కడిగేయగానే, అప్పటికే కాల్షియం నిండిపోయి, రాడికల్స్ చుట్టుముట్టిన ఆ కణంలో రంధ్రం తెరుచుకుంటుంది. అదే సమయంలో ఏటీపీ మళ్లీ తయారవడం, కాల్షియం మితిమీరి ఉండడం, ఈ రెండూ కలిసి కండర తంతువులు వదలకుండా బిగుసుకుపోయి కణాలు చిరిగిపోతాయి. అప్పటిదాకా బతికే ఉన్న కణం, రక్తం అందాక చనిపోతుంది. ఈ విషయం మొదట చెప్పిందీ జెన్నింగ్సే, 1960లో, కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగాల్లో. చాలాకాలం వాదన నడిచింది: ఆ కణాలు ఎలాగూ చచ్చేవే, రక్తం వచ్చాక బయటపడ్డాయంతే అని కొందరు. రక్తం వచ్చిన మొదటి నిమిషాల్లో చేసిన మార్పులతోనే చనిపోయే కండరం తగ్గుతోందని తర్వాతి ప్రయోగాల్లో తేలాక ఆ వాదన బలం తగ్గింది. జంతు ప్రయోగాల్లో చచ్చిన కండరం చోట చివరికి మిగిలే మచ్చలో సగం వరకూ ఈ రెండో దెబ్బదే కావచ్చని అంచనా.

ఇది చదివి "అయితే నాళం తెరవకపోతేనే మంచిదా?" అని అనుకునేవాళ్లుంటారు, వాళ్లకు సూటిగా చెప్తున్నాను: కానే కాదు. తెరవకపోతే ఆ భాగం మొత్తం పోతుంది. తెరిస్తే కొంత పోతుంది, చాలా మిగులుతుంది. 1988లో వచ్చిన ఐసిస్-2 పరిశోధనలో 17,187 మంది రోగులు ఉన్నారు. ఏ మందూ లేనివాళ్లలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా పోయినవాళ్లు 13.2 శాతం, రక్తపు గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేస్, ఆస్పిరిన్ రెండూ అందినవాళ్లలో 8 శాతం. రెండో దెబ్బ కూడా కలుపుకున్న లెక్కే అది.

ఇక పంపింగ్ 35 అన్న రిపోర్టు దగ్గరికి వద్దాం. అందులో చచ్చిన కండరం ఎంత, చావకుండా మొద్దుబారి ఉన్న కండరం ఎంత అనేది ఆ రోజు ఎకోలో తేలదు. రక్తం తిరిగొచ్చినా కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలపాటు కండరం కదలకుండా ఉండిపోవడాన్ని స్టన్నింగ్ అంటారు. ఇది కూడా రక్తం తిరిగొచ్చినప్పటి దెబ్బలో ఒక రకమే, కాకపోతే కోలుకునే రకం. అందుకే ఆరు వారాలకో మూడు నెలలకో ఎకో మళ్లీ చేయమంటారు, అందుకే లయ తప్పితే షాక్ ఇచ్చేలా ఛాతీలో అమర్చే ఐసీడీ మిషన్ గురించి సాధారణంగా గుండెపోటు తర్వాత 40 రోజులు, స్టెంట్ వేస్తే 90 రోజులు ఆగి నిర్ణయిస్తారు. ఈ లోపు బీటా బ్లాకర్, రామిప్రిల్ లాంటి మందులు ఊరికే రాసినవి కావు, ఆ 35ను పైకి తేవడానికీ, గుండె సాగిపోకుండా ఆపడానికీ రాసినవి. రిపోర్టు చూసి భయపడి నాటుమందు కోసం అన్నీ మానేసినవాళ్లను మా వైపు చూశాం, దయచేసి ఆ పని చేయకండి.

స్టన్నింగ్ కాకుండా ఇంకోటుంది, అది అంత తేలిగ్గా పోదు. పెద్ద నాళంలో స్టెంట్ వేసి దారి చేసినా, కింద ఉన్న వెంట్రుకంత సన్నని నాళాలు వాచిపోయి, తెల్లకణాలతోనూ గడ్డ ముక్కలతోనూ పూడిపోయి, రక్తం కండరం దాకా చేరదు. నో-రీఫ్లో అంటారు. 1974లోనే కుక్కల్లో గమనించారు: 90 నిమిషాలు మూసి తెరిస్తే కొన్నిచోట్లకు రక్తం తిరిగి వెళ్లనే లేదు. యాంజియో సినిమాలో పెద్ద నాళం అందంగా కనిపిస్తుంది, ఈ చిన్న నాళాలు అందులో కనిపించవు, రక్తం చేరని చోట్లు ఎంఆర్ఐలో తెలుస్తాయి. "రక్తం పారుతోందండీ" అన్న డాక్టర్ అబద్ధం చెప్పలేదు, ఆయన చూసిన నాళంలో పారుతోంది.

మరి ఈ రెండో దెబ్బను ఆపే మందు లేదా? దీని వెనక ఒక పెద్ద కథ ఉంది. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రీమర్ ఒక వింత ప్రయోగం చేశారు. కుక్క గుండెలో నాళాన్ని 40 నిమిషాలు మూసేముందు, 5 నిమిషాలు మూసి 5 నిమిషాలు తెరుస్తూ నాలుగుసార్లు చేశారు. మామూలుగా ఆలోచిస్తే దెబ్బ పెరగాలి. పెరగలేదు సరికదా, చచ్చిన కండరం నాలుగో వంతుకు తగ్గింది. చిన్న చిన్న కొరత చూపిస్తే గుండె తనను తాను కాపాడుకునే ఏర్పాట్లు చేసుకుంటుందన్నమాట. దీన్ని ప్రీకండిషనింగ్ అన్నారు. గుండెపోటుకు ముందు 24 గంటల్లో ఛాతీనొప్పి వచ్చిపోయినవాళ్లలో మచ్చ కాస్త చిన్నగా ఉన్నట్టు మనుషుల్లోనూ కనబడింది (అలాగని నొప్పి వచ్చిపోతే మంచిదని ఇంట్లో కూర్చోకండి, ఆ నొప్పి అసలు పోటుకు ముందు వచ్చే హెచ్చరిక).

చిక్కేమిటంటే గుండెపోటు చెప్పి రాదు, ముందుగా సిద్ధం చేయడం కుదరదు. అందుకే 2003లో వింటెన్-యోహాన్సన్ బృందం దాన్ని తిరగేసింది: నాళం తెరిచాక ఒక్కసారిగా వదలకుండా, 30 సెకన్లు వదిలి 30 సెకన్లు ఆపి, మూడుసార్లు. కుక్కల్లో పనిచేసింది. తర్వాత ఇంకా తేలికైన ఉపాయం వచ్చింది, చేతికి బీపీ పట్టీ కట్టి 5 నిమిషాలు గట్టిగా బిగించడం, 5 నిమిషాలు వదలడం, నాలుగుసార్లు. చేతికి రక్తం ఆపితే గుండెకు రక్షణ దొరుకుతుందని. డెన్మార్క్‌లో అంబులెన్సుల్లోనే ఇలా చేసి 2010లో మంచి ఫలితాలు ప్రకటించారు. మందుల వైపు చూస్తే, కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్ ఆ మైటోకాండ్రియా రంధ్రాన్ని మూసి ఉంచుతుందని 2008లో 58 మంది మీద చేసిన ఫ్రెంచ్ పరిశోధన ఆశ పెట్టింది.

పెద్ద పరిశోధనలు వచ్చేసరికి ఒక్కొక్కటిగా ఆశలు కూలాయి. సైక్లోస్పోరిన్‌ను 2015లో 970 మంది మీద చూశారు, లాభం లేదు. బీపీ పట్టీ పద్ధతిని బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియాల్లో అయిదు వేలమందికి పైగా రోగుల మీద చూసి 2019లో చెప్పారు, ఏడాదిలో గుండె జబ్బుతో చావులూ తగ్గలేదు, గుండె బలహీనపడి ఆసుపత్రిలో చేరడమూ తగ్గలేదు. ఒంటిని చల్లబరచడం కూడా అంతే. ఆక్సిజన్ మాస్కు సంగతీ అడుగుతారు: రక్తంలో ఆక్సిజన్ 90 శాతం పైన ఉన్నవాళ్లకు అదనంగా ఇచ్చినా ఉపయోగం లేదని 2017లో స్వీడన్‌లో తేలింది. కాబట్టి మాస్కు పెట్టలేదని నర్సుతో గొడవపడాల్సిన పని లేదు.

ఎందుకిలా? నాకు అర్థమైనంతలో కారణాలు ఇవి. ప్రయోగశాలలో కుక్కకో ఎలుకకో వయసు తక్కువ, షుగరు లేదు, బీపీ లేదు, మందులు లేవు. గుండెపోటుతో వచ్చే మనిషికి అన్నీ ఉంటాయి. షుగరూ వయసూ ఈ స్వీయరక్షణను మొద్దుబారుస్తాయి. గ్లిబెన్‌క్లమైడ్ అనే పాత షుగరు మాత్ర అయితే ప్రీకండిషనింగ్ పనిచేసే దారినే మూసేస్తుందని జంతువుల్లో చూశారు. ఇంకోటి, ఇప్పుడు స్టెంట్‌కు ముందు సాధారణంగా ఇచ్చే, రక్తం గడ్డకట్టనివ్వని టికాగ్రెలర్ లాంటి మందులకే కొంత ఇలాంటి రక్షణ గుణం ఉన్నట్టు ప్రయోగాలు చెప్తున్నాయి, దాని మీద పట్టీ కొత్తగా కలిపేది తక్కువ. మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ దేశాల్లో రోగులు త్వరగా ఆసుపత్రికి చేరుతున్నారు, త్వరగా నాళం తెరుస్తున్నారు, చావులు ముందే తగ్గిపోయాయి, ఇంకా కాపాడటానికి మిగిలింది కొంచెమే. కాబట్టి ఆ ఫలితాలను మనకు నేరుగా అన్వయించడం కష్టం, అలాగని ఇంట్లో బీపీ మిషన్ పట్టీ బిగించుకుంటూ కూర్చోవడం మాత్రం ప్రాణాలతో ఆటే, అందులో పోయేది కండరం కాపాడే సమయమే.

ఒక్కచోట మాత్రం ఈ రక్షణ రోజూ విజయవంతంగా జరుగుతోంది, గుండెను ఆపి చేసే బైపాస్ ఆపరేషన్‌లో. అక్కడ రక్తం ఎప్పుడు ఆపుతారో సర్జన్‌కు ముందే తెలుసు కనక, పొటాషియం కలిపిన చల్లని ద్రవాన్ని నాళాల్లోకి పంపి గుండెను నిద్రపుచ్చి, అప్పుడు పని చేస్తారు. ఆగి ఉన్న చల్లని గుండెకు ఆక్సిజన్ అవసరం చాలా తక్కువ. గుండెపోటుకు ఈ వీలు లేదు.

సరే, రెండో దెబ్బకు గట్టి మందు ఇంకా రాలేదు. మరి సరిహద్దులో ఉన్న మనకు మిగిలిందేమిటి? ఆ రెండో దెబ్బ ఎంత పెద్దదన్నది మొదటి దెబ్బ ఎంతసేపు సాగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. గంటలో తెరిస్తే చిన్న నాళాలు ఇంకా పూడిపోవు, కణాల్లో కాల్షియం అంత నిండదు. ఆరు గంటలకు తెరిస్తే రెండూ ఎక్కువే. మన చేతిలో ఉన్న గుండె రక్షణ ప్రస్తుతానికి గడియారమే, అక్కడే మనం ఓడిపోతున్నాం. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన క్రియేట్ అనే భారతీయ పరిశోధనలో నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు.

మా వైపు ఆ ఆరు గంటలు ఎలా కరుగుతాయో ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. మొదటి గంట గ్యాస్ అని సోడా తాగడంలో పోతుంది. రెండోది పక్కూరి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌లో. తర్వాత పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఈసీజీ తీసి గుండెపోటని చెప్తారు, ఒడియాలో చెప్పింది పెద్దాయనకు సగమే అర్థమవుతుంది, కొడుకు బరంపురంలోనో హైదరాబాద్‌లోనో ఉండి ఫోన్లో అంటాడు: "అక్కడేం చేయించొద్దు నాన్నా, సూటిగా వైజాగ్ తీసుకెళ్లిపోండి." కారు మాట్లాడతారు. నాలుగు గంటలకు అటూఇటూ ప్రయాణం, జయపురం నుంచయితే ఘాట్ రోడ్డు కూడా. వైజాగ్ చేరేసరికి కండరం చావు లోపలి పొర దాటి ఎక్కడికి చేరిందో పైన చెప్పాను.

ఆ ఫోన్ మాట ప్రేమతో చెప్పినదే, కానీ తప్పు. ఈసీజీ గీతలో ఎస్టీ అనే భాగం పైకి లేచిన గుండెపోటైతే, రెండు గంటల లోపు స్టెంట్ వేసే చోటికి చేరలేమనుకుంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోని ఆసుపత్రిలోనే వేయించుకుని ఆ తర్వాత బయల్దేరాలి, గైడ్‌లైన్లు చెప్పేది ఇదే. టెనెక్టెప్లేస్ అయితే బరువును బట్టి ఒకే డోసు, సెకన్లలో ఇచ్చేయొచ్చు. స్ట్రెప్టోకైనేస్ అయితే 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంట సేపు సెలైన్లో ఎక్కిస్తారు. 1996లో అప్పటి పరిశోధనలన్నీ కలిపి లెక్కగడితే, మొదటి గంటలో ఈ వైద్యం అందిన వెయ్యి మందిలో 65 ప్రాణాలు అదనంగా నిలిచాయి, మూడు నుంచి ఆరు గంటల మధ్య అందితే 30 లోపే. 2013లో వచ్చిన స్ట్రీమ్ పరిశోధనలో, గంటలో స్టెంట్ దొరకని రోగులకు ముందే ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత యాంజియోకు పంపితే, నేరుగా స్టెంట్‌కు తీసుకెళ్లినవాళ్లతో సమానంగా ఉన్నారు. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ వైపు కొంచెం ఎక్కువ, 75 ఏళ్లు దాటినవాళ్లకు డోసు సగం చేశాక అది తగ్గింది. అందుకే గతంలో మెదడులో రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, కడుపులో రక్తం పోతోందా అని డాక్టర్ గుచ్చిగుచ్చి అడుగుతారు. దాచకుండా చెప్పండి. అది ఇవ్వకూడదని డాక్టర్ అంటే అప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా వైజాగో బరంపురమో బయల్దేరడమే.

ఇక్కడే రక్తం తిరిగొచ్చినప్పటి దెబ్బ మళ్లీ ఎదురవుతుంది, దీని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఇంజెక్షన్ పనిచేసి నాళం తెరుచుకునే సమయంలో గుండె లయ తప్పుతుంది. ఎక్కువసార్లు అది కాసేపుండి దానంతటదే సర్దుకునే రకం, నాళం తెరుచుకుందనడానికి గుర్తు కూడా. కానీ కొందరిలో ప్రాణం తీసే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌గా మారుతుంది, అప్పుడు కావాల్సింది షాక్ ఇచ్చే మిషన్, అదీ నిమిషాల్లో. అద్దె కారులో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే అది ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి మానిటర్, డీఫిబ్రిలేటర్ ఉన్న అంబులెన్స్‌లోనే కదలండి, 108కి ఫోన్ చేసినప్పుడు ఆ మాటే అడగండి, అది వచ్చేలోపు మానిటర్ ఉన్న మంచం మీదే ఉండనివ్వండి.

ఇంజెక్షన్ ఎన్ని గంటలకు మొదలుపెట్టారో చీటీ మీద రాయించుకోండి. దానికి ముందు తీసిన ఈసీజీ, ఆ తర్వాత 60 నుంచి 90 నిమిషాలకు తీసిన ఈసీజీ, రెండూ వెంట ఉండాలి. రెండో దానికోసం ప్రయాణం ఆపక్కర్లేదు, దారిలో తీసినా సరే. పైకి లేచిన ఎస్టీ సగానికి పైగా దిగితే నాళం తెరుచుకున్నట్టే, మర్నాటి లోపు యాంజియో చేయిస్తే చాలు. దిగకపోతే ఇంజెక్షన్ పనిచేయలేదని అర్థం, స్ట్రీమ్‌లోనే ముగ్గురిలో ఒకరికి పైగా ఇలా అయింది, వాళ్లకు వెంటనే రెస్క్యూ స్టెంట్ కావాలి. ఒడిశా ఆరోగ్య బీమా కార్డు వైజాగ్‌లో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఆంధ్రా కార్డు బరంపురంలో చెల్లుతుందో లేదో ఇంట్లో అందరూ బాగున్న ఈ రోజే ఫోన్ చేసి కనుక్కుని రాసిపెట్టుకోండి. అంబులెన్స్ కదిలేముందే అప్పటికి తీసిన ఈసీజీ ఫోటోలూ, ఇంజెక్షన్ వేసిన టైమూ వెళ్లబోయే ఆసుపత్రికి వాట్సాప్‌లో పంపమని ఇక్కడి డ్యూటీ డాక్టర్‌ను అడగండి, అక్కడ స్టెంట్ వేసే గది, అదే క్యాత్ ల్యాబ్, ముందే సిద్ధం చేసుకుంటారు.